పచ్చ టిక్కు

ఆయన నాకు మొట్టమొదటిసారి రాసిన మాట ఇది: "ఇక్కడ ఒక స్పేస్ ఎక్కువైందండీ."

నాకు ఒళ్ళు మండిపోయింది. దవాఖానల్ల టోకెన్ నంబర్లు ఒకదాని మీద ఒకటి పడకుంట చూసే ప్రోగ్రామ్ అది. తిండి తిప్పలు మాని కూసొని రాసి పంపిన. పని చేస్తుందా, లెక్క ఏడన్న తప్పుతుందా, గదేం అడగలే. స్పేస్ అంట! ఓ యమ్మ, ఆ పావు ఇంచు ఖాళీ జాగతోని ఎవలి సొమ్ము పోయింది? కంప్యూటర్‌కే లేని తిప్పలు ఈ మనిషికెందుకు?

"పని అయితుంది కద సార్, స్పేస్‌దేముంది?" అని తిరిగి రాసిన.

"పని అవుతుందండీ. కానీ రేపు మీ తరవాత చదివేవాళ్ళకి కళ్ళు నొప్పెడతాయి" అని ఆయన జవాబు. కోపం లేదు, వెటకారం లేదు. తిట్టినా బాగుండు, నేను కూడ ఒకటనేదాన్ని. నోరు మూసుకొని స్పేస్ తీసేసిన.

మా కంపెనీ హైదరాబాద్‌ల ఉంటది. చిన్న చిన్న దవాఖానలకు సాఫ్ట్‌వేర్ చేస్తది. టోకెన్ చిట్టీలు, డాక్టర్ టైములు, హాల్‌ల గోడకు పెట్టే బోర్డు, గివే. మేమంత ఎవలింట్ల వాళ్ళం కూసొని పని చేసుడు. నేను సిద్దిపేటల, మెదక్ రోడ్డు దిక్కు ఒక మేడ మీద రెండు రూములు కిరాయికి తీసుకొని ఉంట. ఆయన కాకినాడ దిక్కు మనిషి. మీటింగులల్ల గొంతు వినుడే గని మొఖం చూసింది లేదు. కెమెరా పెట్టుమంటే అందరికి ఒక్కసారే నెట్ ఖరాబైతది.

మా దగ్గర పద్ధతి ఏందంటే, ఒకలు రాసింది ఇంకొకలు చదివి ఓకే అన్నంకనే అసలు ప్రోగ్రామ్ లోపలికి పోతది. దాన్ని రివ్యూ అంటం. నేను రాసేదానికి చదివేటాయన ఆయన. ఏ వరుస ఎంత పొడుగుండాలె, కామా తర్వాత ఎంత జాగ ఇడవాలె, రెండు ముక్కల నడుమ ఎన్ని ఖాళీ వరుసలుండాలె, అన్నీ చూస్తుండె. ఆ వరుస పక్కనే చిన్న డబ్బ తెరిచి రాస్తుండె. నేను దాని కిందనే జవాబు రాస్తుంటి.

నా ఒక్కదాని బతుకు గురించి ఒక మాట చెప్పాలె. పెండ్లయింది, విడిపోయినం, అది వేరే ముచ్చట. సిద్దిపేటకు ఎందుకొచ్చిన్నంటే మా అక్క గీడ ఉండె. నేను వచ్చి సామాన్లు సదురుకునేలోపట్నే మా బావకు ఆదిలాబాద్ బదిలీ అయింది, వాళ్ళు పోయిన్రు. నేను ఉండిపోయిన. ఏడికని పోత? పొద్దుగాల పాలామెతోని రెండు మాటలు, కింద ఇంటామె మెట్ల మీద కనవడితే ఇంకో రెండు. ఆమెకు నేను చేసేది పనే అని నమ్మకం లేదు. "పొద్దంత గా డబ్బ దిక్కు సూసుడే, గదేం నౌకరో ఏమో" అంటది. కొన్ని దినాలు పొద్దుమీకేదాంక నా గొంతు నాకే వినరాకపోయేది. ఫోన్ మోగి హలో అంటే బొంగురు వచ్చేది.

అసొంటి దినాలల్లనే ఒకసారి ఆయన విడిగ మెసేజ్ పెట్టిండు. "నమస్తే అండీ, ఎలా ఉన్నారు?" అని. గంతే. వేరే ఏం లేదు. కాని నాకు అప్పటికే మగవాళ్ళ 'ఎలా ఉన్నారు'లంటే బేజారు వచ్చి ఉంది. ఒంటిగున్న ఆడిదాన్ని, ఇయ్యాల నమస్తే, రేపు ఇంకోటి. "ఏదన్న ఉంటే రివ్యూల రాయున్రి సార్" అని కట్టె విరిచినట్టు చెప్పిన. "అలాగే అండీ" అన్నడు. మళ్ళ ఎన్నడు విడిగ రాయలే.

రివ్యూలనే రాసిండు. నేను చెప్పినట్టే.

ఎప్పుడు మొదలైందో నాకు సరిగ్గ యాదికి లేదు. ఒకనాడు "ఇక్కడ కోట్స్ మార్చండి" అని రాసి, కింద ఇంకో వరుస పెట్టిండు: "పొద్దున్నుంచి కరెంటు లేదండీ, ఆలస్యానికి ఏమీ అనుకోకండి." నేను కోట్స్, గదే మాటకు అటు ఇటు పెట్టే చిన్న గీతలు, మార్చి, "గీడ కూడ గట్లనే ఉంది, గాలిదుమారం" అని రాసిన. ఇంకోనాడు ఆయన ఒక ఖాళీ వరుస ఎక్కువుందన్నడు. నేను తీసేసి, కిందింటామె తల్లిగారి ఊరు చిన్నకోడూరు నుంచి మక్కకంకులు తెచ్చి కాల్చిచ్చిందని రాసిన. "మాకు ఇక్కడ అంత లేతవి దొరకవండీ" అన్నడు. సర్వపిండి ఎట్ల చేస్తరని అడిగిండు ఒకసారి. గిన్నెకు నూనె రాసి, పిండి ఒత్తి, నడుమ నడుమ బొక్కలు పెట్టుడు కాన్నుంచి అంత చెప్పిన. ఇప్పటికీ మా కంపెనీల ఎవలన్న ఆ టోకెన్ ప్రోగ్రామ్ పాత రివ్యూ తెరిస్తే, కామా ఎక్కడుండాలె అన్న ముచ్చట కింద సర్వపిండి ఉంటది.

ఒక సంగతి మాత్రం నాకు జల్దినే సమజైంది. తప్పు ఉంటెనే డబ్బ తెరుచుకుంటది. తప్పు లేకపోతే ఆయన "బాగుంది" అని ఒక్క మాట రాసి, ఓకే కొట్టి పోతుండె. అంతే, ఆ దినం ముచ్చట ఖతం. ఒకనాడు ఒళ్ళు దగ్గర పెట్టుకొని శుభ్రంగ రాసి పంపిన. బాగుంది అన్నడు. మెచ్చుకున్నడని సంబురపడాలె కద? నాకు ఏడుపొచ్చింది. పొద్దంత ఇగ ఎవలతోని మాట్లాడాలె?

తెల్లారి ఒక స్పేస్ ఎక్కువ పెట్టిన. కావాలని.

సిగ్గిడిసి చెప్తున్న, అటెన్క రోజూ పెట్టిన. చాయ తాగుకుంట ఎక్కడ పెడితే మంచిగుంటదా అని వెతుకుతుంటి. మరీ కొట్టొచ్చినట్టు ఉండొద్దు, మరీ కనవడకుంట ఉండొద్దు. ఒకసారి కామా ముంగట, ఒకసారి వరుస చివర్ల. నలభై ఏండ్లు దగ్గర పడ్డ దాన్ని, కోడ్‌ల స్పేసులు దాచుకుంట కూసున్న. నవ్వొస్తది. కాని అప్పుడు నాకు దినమంటే గదే. ఆయన డబ్బ తెరిచిండంటే నేను ఒకలతోని ఉన్నట్టు. తెరువలేదంటే ఇంట్ల గోడలు.

ఆయనకు తెలుసో తెల్వదో నాకు తెల్వదు. ఎన్నడు అడగలే.

అటెన్క మాకు కొత్త మేనేజర్ వచ్చింది. చిన్నపిల్ల, మస్తు హుషారు. రాంగనే పాత రివ్యూలన్నీ తిరగేసి మీటింగ్ పెట్టింది. "సగం టైమ్ స్పేసుల మీద, కామాల మీదనే పోతుంది. గిది మనుషులు చేసే పని కాదు. టూల్ పెడదాం" అన్నది. అసొంటి టూల్స్ ఉన్నయని నాకు తెల్వక కాదు. మనం ఎట్ల గీకి పెట్టినా సరే, సేవ్ కొట్టంగనే అన్ని వరుసలు సదిరి పెట్టేది ఒకటి. సదిరినంక ఇంకా ఏమన్న తప్పులుంటే పట్టుకొని ఎర్ర గుర్తు పెట్టేది ఇంకోటి. అంత సరిగ్గుంటే పచ్చ టిక్కు.

"మీరే పెట్టండి" అన్నది నాతోని. ఎందుకట? "స్టైల్ కామెంట్లు అందరికన్న మీ మీదనే ఎక్కువ ఉన్నయి, ఏం కావాల్నో మీకే బాగ తెలుస్తది."

నవ్వాలెనో ఏడ్వాలెనో తెల్వలే. వద్దు అని చెప్పొచ్చు. ఏమని చెప్పాలె? నాకు రోజూ ఒక మనిషి తప్పు పట్టాలె, దయచేసి ఆ మనిషిని తీసెయ్యకున్రి అని చెప్పాలెనా? సరే మేడమ్ అన్న.

పెట్టిన. పెట్టుడు కష్టమేం కాదు, ఏ నియమం కావాల్నో చెప్పాలె అంతే. ఆ నియమాలన్నీ ఆయనవే. పాత డబ్బలు ఒక్కొక్కటే తెరిచి, ఆయన ఏం చెప్పిండో చూసి, దానికి సరిపొయ్యేది టూల్‌ల పెట్టుకుంట పోయిన. కోట్స్ ముచ్చట తీసేటప్పుడు పక్కన గాలిదుమారం, ఖాళీ వరుసల దగ్గర మక్కకంకులు. ఆ దినం నా పాణం ఎంత ఉసూరుమన్నదో నాకే తెలుసు. నా చేతులతోని నేనే నా నోరు కుట్టుకుంటున్నట్టు అనిపిచ్చింది.

ఆఖరుకు అందరం కలిసి ఒక్కో నియమం మీద మాట్లాడుకున్నం. అబ్బో, ఏం లొల్లి! ఒక్క కోట్ పెట్టాల్నా, రెండు పెట్టాల్నా అని పొద్దంత కొట్లాడిన్రు. ఒకాయనైతే రెండు కోట్‌లు పెడితే రాజీనామా చేస్త అన్నడు, నవ్వుకుంటనే. నేను అందరి గొంతులు గట్ల ఒక్కతాన విని శాన దినాలైంది. మీటింగ్ అయిపోవద్దు అనిపిచ్చింది. చివర్ల మేనేజర్ నా కోడ్ చదివేటాయనను అడిగితే, "ఏదో ఒకటి పెట్టెయ్యండి. ఏది పెట్టినా అలవాటైపోతుంది" అన్నడు.

తెల్లారి టూల్ నడిపిన. రెప్పపాటుల కంపెనీ కోడంత సదురుకున్నది. ఎవలు రాసిందో గుర్తు పట్టరాకుంట అంత ఒక్క తీరే. అందరు చప్పట్ల బొమ్మలు పెట్టిన్రు. ఆయన కూడ పెట్టిండు.

ఆ తర్వాత ఒకసారి ఊకనే, అలవాటుతోని, కామా ముంగట ఒక స్పేస్ కొట్టి సేవ్ చేసిన. నా కండ్ల ముంగటనే అది మాయమైంది. మళ్ళ కొట్టిన. మళ్ళ మాయం. "నీ నోట్ల మన్నువడ" అని తిట్టిన, గట్టిగనే. కిందకెంచి ఇంటామె "నన్నా బిడ్డా?" అని అడిగింది. కాదవ్వా, గీ డబ్బను అన్న.

ఆయన కొన్ని దినాలు "బాగుంది" అని రాసిండు. అటెన్క ఆ మాట కూడ పోయింది. ఓకే గుర్తు ఒక్కటే. తర్వాత మేనేజర్, ఎవలిదైన ఎవలైన ఓకే కొట్టొచ్చు, టూల్ చూస్తుంది కద, అన్నది. పనులు ఉరుకుడు మొదలువెట్టినయి. నేను ఒకసారి పరీక్షకని ఒక లెక్కకు 'తల్కాయనొప్పి' అని పేరు పెట్టి పంపిన. టూల్‌కు పేర్లతోని పని లేదు, స్పేసులు సరిగ్గున్నయి, పచ్చ టిక్కు పెట్టింది. టీమ్‌ల ఇంకొకాయన ఓకే కొట్టిండు. నేనే మళ్ళ ఎనకకు తీసి పేరు మార్చుకున్న. ఎవలు చదువుతలేరు. నేనెందుకు చదవాలె? నా దగ్గరికి వచ్చినయి కూడ అట్లనే. టీమ్‌ల తెలుగు టైపు చేసేది ఆయన, నేను, ఇద్దరమే. బోర్డుల మీద, చిట్టీల మీద వచ్చే తెలుగు మాటలు ఆయన రాస్తె నేను చూడాలె, నేను రాస్తె ఆయన చూడాలె. అవి గూడ వస్తుండె. పచ్చగుందా, ఉంది. కొట్టు.

వానలు మొదలైనయి. కిందింటామె చెల్లె బిడ్డ పెండ్లని చిన్నకోడూరు పోయింది, ఇల్లంత మూగవడ్డది. పాలామెను ఆపి ముచ్చట పెడదామంటే ఆమెకు ఇంకా ఇరవై ఇండ్లున్నయి. ఒకటి రెండుసార్లు ఆయనకు విడిగ రాద్దామని చూసిన. "సార్" అని కొట్టి, గంటసేపు దాని దిక్కు చూసి, చెరిపేసిన. రాయొద్దని చెప్పిన దాన్ని నేనే. ఇప్పుడు నేనే రాస్తె ఏమనుకుంటడు? అయినా ఏముంది రాయనీకె? మాకు ఎప్పుడు తప్పులతోనే మాట మొదలైతుండె. తప్పు లేకుంట ఎట్ల మొదలువెట్టాల్నో నాకు తెల్వదు.

ఒకనాడు పొద్దుగాల మేనేజర్ అందరికి మెసేజ్ పెట్టింది. ఆయన మానేస్తున్నడట, శుక్రవారం ఆఖరట, అందరు మీటింగ్‌కు రావాలెనట.

అందరితోని పాటు నాకు! అందరు ఎట్ల చదివిన్రో నేను గట్లనే చదివిన. నాకు కోపం ఆగలే. గిన్నొద్దులు కరెంటు పోయినా చెప్పినోడు, దగ్గొచ్చినా చెప్పినోడు, నౌకరి ఇడిసి పోతున్న అని ఒక్క మాట చెప్పడా? నేనేమన్న ఆపుతనా? మగోళ్ళంత గింతే అనుకున్న. స్టవ్ మీద పాలు పొంగి పొయ్యి ఖరాబైతే దాన్ని కూడ తిట్టిన.

మీటింగ్‌ల ఆయన కెమెరా పెట్టిండు. అదే మొదటిసారి చూసుడు. నేను అనుకున్నదానికన్న పెద్దమనిషి. నెరిసిన జుట్టు, మందం అద్దాలు, ఎనక దండెం మీద ఆరేసిన టవల్. ఒక్కొక్కల పేరు పెట్టి చెప్పిండు, ఎవల దగ్గర ఏం నేర్చుకున్నడో. నా దగ్గరికొచ్చేసరికి, "మీ కోడ్ ఇప్పుడు చాలా శుభ్రంగా ఉంటోందండీ" అన్నడు. "మీరేమీ అనరా అండీ?" అని అడిగిండు.

మైక్ తెరిచి, "ఆల్ ది బెస్ట్ సార్" అన్న. మూసిన. నా గొంతు ఎట్ల వచ్చిందంటే, ఎవలో తెల్వనోళ్ళకు తొవ్వ చెప్పినట్టు వచ్చింది. ఆయన "థాంక్స్ అండీ" అని తల ఊపిండు. ఇంకొకల దిక్కు మళ్ళిండు.

ఆ కోపంతోనే కొన్నొద్దులు గడిచినయి. కోపం ఉన్నన్ని రోజులు మంచిగనే ఉన్నది, అదొక తోడు.

తర్వాత నాకు జ్వరం పట్టింది. మందుల షాపుల గోలీలు తెచ్చుకొని మింగితే తగ్గలే. కిందింటామె వచ్చి నుదురు మీద చెయ్యి పెట్టి, "ఓ అవ్వ, పెనం లెక్క ఉంది, దవాఖానకు పో" అని తిట్టి ఆటో ఎక్కిచ్చింది. చౌరస్తా దాటినంక ఒక చిన్న దవాఖాన ఉంటది, గాడికి పోయిన. చిట్టీ చేతిలకు తీసుకుంటనే గుర్తువట్టిన, మాదే. మా సాఫ్ట్‌వేరే. ఆ నంబర్ నేను రాసిన లెక్కలకెల్లే వచ్చింది. మనుషుల చేతులల్ల దాన్ని చూసుడు అదే మొదలు. జ్వరంల కూడ పాణం జర లేచొచ్చింది.

హాల్ నిండ మంది. గోడకు బోర్డు. నంబర్ పిలిచినప్పుడు నంబర్ వస్తది, నడుమ ఖాళీగున్నప్పుడు ఒక మాట వస్తది. ఆ మాట ఏందో నాకు తెలుసు, "దయచేసి వేచి ఉండండి." కోడ్‌ల ఎన్నోసార్లు చూసిన. కుర్చీల కూలబడి తలకాయ పైకెత్తి చూసిన.

"జర ఓపిక పట్టున్రి. ఎవలు మిమ్ముల మర్వలే."

జ్వరానికి కండ్లు తేలేస్తున్నయేమో అనుకున్న. నంబర్ వచ్చింది, పోయింది. మళ్ళ అదే. ఎవలు మిమ్ముల మర్వలే.

నా పక్క కుర్చీల తొగుట దిక్కు నుంచి వచ్చిన ఒక ముసలవ్వ ఉంది. "ఏం రాసిన్రు బిడ్డా గండ్ల? అందరు నవ్వుకుంట సదువుతున్నరు" అని అడిగింది. చదివి చెప్పిన.

"మంచిగ రాసిన్రు. ఎవలో మన దిక్కోళ్ళే రాసుంటరు" అన్నది.

మన దిక్కోళ్ళు కాదవ్వా. మా టీమ్‌ల తెలుగు టైపు చేసేది ఇద్దరమే. నేను రాయలే.

ఇంటికొచ్చి, గోలీ కూడ ఏసుకోకుంట, ఆ బోర్డు ఫైలు తెరిచిన. ఆ వరుస ఎప్పుడు మారిందో, ఎవలు మార్చిన్రో అంత ఉంటది దాంట్ల. ఆయనే. వానలు పడుతున్నప్పుడు, నేను "సార్" అని కొట్టి చెరుపుతున్న దినాలల్ల. చూడమని నా పేరు మీద పంపిండు, నా ఒక్కదానికే. అసొంటి మాట దవాఖాన బోర్డు మీదికి అట్లనే పోదని ఆయనకు తెల్వదా? వరుస పొడుగుకే ఊకోని మనిషి ఆయన. నేను ఆపుతననుకున్నడు. డబ్బ తెరిచి, గిదేంది సార్, మీకీ మాటలెక్కడియి, అని అడుగుతననుకున్నడు. కాకినాడ మనిషి, నా మాటలు ఒక్కొక్కటి ఏరి పెట్టుకొని, నా యాసల, నాకు రాసిండు. తప్పు లేకుంట రాసిండు.

దాని పక్కన టూల్ పెట్టిన పచ్చ టిక్కు. స్పేసులు సరిగ్గున్నయి, కోట్‌లు సరిగ్గున్నయి, వరుస పొడుగు సరిగ్గుంది. దాని కింద ఓకే. ఓకే కొట్టినోళ్ళ పేరు నాది. ఆయన పంపిన నిమిషంలనే కొట్టిన.

ఆ వరుస పక్కన డబ్బ తెరిచిన. "గిదేంది సార్, గిట్ల రాసిన్రు?" అని రాసి పంపిన. ఆయన పేరు బూడిద రంగుల ఉన్నది, ఈ మనిషి ఇప్పుడు కంపెనీల లేరు అని చూపిచ్చింది.

నన్ను పలకరిచ్చిండు. నేను టిక్కు చూసి ఓకే కొట్టిన.